కనకమ్మ ట్యూషన్

"నాకు సెర్బియా భాష నేర్పాలమ్మగారూ" అంది గుమ్మంలో నిలబడ్డ ముసలామె.

సూర్యకుమారికి నవ్వాగలేదు.

భర్త ఉద్యోగం పుణ్యమా అని బెల్‌గ్రేడ్‌లో కాపురం చేసింది గనక ఆ భాష తనకు వచ్చు. తాడేపల్లిగూడెం వచ్చాక దాన్ని అడిగిన నాథుడు లేడు. తీరా ఇన్నాళ్ళకు అడిగింది ఎవరయ్యా అంటే, కొల్లేటి లంకలో చేపల చెరువు కాసే ఈ కనకమ్మ!

సరే, సరదాకి ఒప్పుకుంది.

"జరుగుతున్న పనికి ఒక మాట, పూర్తయిపోయిన పనికి ఇంకో మాట ఉంటుందండీ ఆ భాషలో."

"అయిపోయినవే చెప్పండమ్మా."

"పోపియెమ్, పోపియెష్, పోపియె. నేను తాగేస్తాను, నువ్వు తాగేస్తావు, అతను తాగేస్తాడు."

"అతను తాగేశాడు అనాలంటేనండి?"

"పోపియో యె."

"నిద్రపోయాడు?"

"జాస్పావో యె."

కనకమ్మకు నోరు తిరిగేది కాదు. అయినా పని మానుకుని బస్సులు మారి వారం వారం వచ్చేది. పెదాలు కదుపుకుంటూనే వెళ్ళేది.

"వరసగా నేర్చుకోవాలండీ! ఎంతసేపూ అతను, అతను అంటే ఎలా?" విసుక్కుంది సూర్యకుమారి.

"మిగతావి నాకెందుకండి? క్రిస్మస్‌లోపు వచ్చెయ్యాలమ్మా. ఒక దొరసానమ్మ వస్తారు. ఆవిడతో మాట్లాడాలి."

"ఓహో, అదా సంగతి! దొరసాని దగ్గర ఏదో రాబట్టుకోవడానికా ఈ తిప్పలు? దానికి భాషెందుకండీ, చెయ్యి చాపితే చాలదూ?"

కనకమ్మ మొహం పాలిపోయింది.

"అందుకు కాదమ్మగారూ, ఆవిడ..."

"ఇంక చాల్లెండి. మీరు రానక్కర్లేదు."

కనకమ్మ మళ్ళీ రాలేదు. మాట తూలానేమోనని సూర్యకుమారికి ఒకటి రెండుసార్లు అనిపించింది. అంతటితో మరిచిపోయింది.

క్రిస్మస్ ముందు లంక నుంచి పాస్టరు రాజరత్నం ఫోన్ చేశాడు.

"సెర్బియా నుంచి ఒకావిడ వచ్చారండి. ఇంగ్లీషు రాదు. కాస్త మాట సాయం చెయ్యాలండి."

చర్చి వరండాలో తెల్లజుట్టు విదేశీయురాలు సూర్యకుమారి రెండు చేతులూ పట్టుకుని గబగబా తన భాషలో అంది.

"కనకమ్మకు మాటలు నేర్పింది మీరేనట. మా అబ్బాయి ఎలా పోయాడో మీకు చెప్పే ఉంటుంది. చెప్పండి!"

సూర్యకుమారి తెల్లబోయింది.

"పాస్టరుగారూ, కనకమ్మగారేరండీ?"

"పోయిన నెల కాలం చేశారండి. గుండెపోటు."

"మరి ఈవిడ అబ్బాయి..."

"గూడబాతుల ఫోటోల కోసం వచ్చి కనకమ్మగారింట్లో దిగాడండి. పోయినేడు తుఫానుకి దారులు మునిగిపోయాయి. జ్వరం ముదిరి అక్కడే పోయాడు."

ఆ రోజు కనకమ్మని ఒక్క మాట చెప్పనిచ్చి ఉంటే! తన నోరు పడిపోయినా బాగుండేది.

ఆ తల్లి ఇంకా చెయ్యి వదల్లేదు. కళ్ళల్లోకే చూస్తోంది.

"ఏం జరిగిందో మీకెవరికీ తెలీదాండీ?" సూర్యకుమారి పాస్టరు వైపు తిరిగి అడిగింది.

"తెలీదండి" అన్నాడు రాజరత్నం. "ఆ అబ్బాయి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కనకమ్మగారొక్కరే. కన్నతల్లికి చెప్పకుండా ఇంకెవరికీ చెప్పనంటూనే వెళ్ళిపోయారండి."