ఎర్రదారం మీద ఆరేళ్ల పరిశోధన

"ఆ కత్తెర కింద పెట్టు," అంది జ్ఞానప్రసూన.

దెబోరా చెయ్యి ఆగిపోయింది. అప్పటికే నాలుగు గౌన్ల అంచుల నుంచి వేలాడే ఎర్రదారాలు తెంపి బల్ల మీద పోగేసింది.

ఇంకో అరగంటలో ప్రదర్శన. డీన్ వస్తున్నాడు, వేరే యూనివర్సిటీ నుంచి రివ్యూయర్ వస్తోంది. వాళ్లు ఔనంటే కొత్తగా పెట్టే టెక్స్‌టైల్ రీసెర్చ్ సెంటర్‌కి ప్రొఫెసర్ జ్ఞానప్రసూన డైరెక్టరు. కాదంటే ఆరేళ్ల పరిశోధన అటకెక్కుతుంది. అలాంటి రోజున, అమెరికాలో ఈ ఇర్వింగ్ ఊళ్లో ఇండియన్ గ్రోసరీ పక్క కొట్లో బ్లౌజులు కుట్టుకునే మనిషిని, గౌన్లు మోడల్స్ ఒళ్లకి సరిచేయమని పిలిపిస్తే, వచ్చి ఏకంగా ఆరేళ్లకీ కత్తెర వేస్తోంది.

"వేలాడుతుంటే బాగుండదని తీస్తున్నా మేడం. అసలీ దారం ఎందుకంటే..."

"ఎందుకో నాకు చెబుతావా?"

మేడం అక్కడితో ఆగలేదు. చీరాల దగ్గర ఓ చేనేత సొసైటీ గోడౌన్‌లో, మూల చీకట్లో కట్టగట్టి పెట్టిన చీరల్ని తనే కనిపెట్టానంది. అంచున అక్కడక్కడా ఎర్రదారం ముడి. ఇవి అమ్మేవి కావమ్మా అని వాళ్లు నెత్తీనోరూ కొట్టుకున్నారట. ఆ మాటతోనే మేడంకి జ్ఞానోదయమైంది. అమ్మరంటే పవిత్రమైనవన్నమాట. బయటివాళ్లకి చూపించరంటే రహస్యమన్నమాట. పట్టుబట్టి కట్టంతా తెచ్చుకుని, నేతగత్తె నోరు విప్పి చెప్పుకోలేని మొక్కుని ముడిగా వేస్తుందని పేపరు రాసి, మూడు దేశాల్లో చదివింది. ఆ చీరలు కోసి గౌన్లు కుట్టించి, దారం పక్కనే సన్నటి వైరు పెట్టించి, ముట్టుకుంటే ముడి దగ్గర లైటు వెలిగేలా చేసింది. అదీ ఇన్నొవేషన్.

"మాదీ చీరాలే మేడం. సొసైటీలో ఇరవై ఏళ్లు చేశాను. అందుకే చెబుతున్నా, ఆ ముడి..."

"మీ చర్చిలో దారాలూ తాళ్లూ పనికిరావు. అంతేగా? నీ నమ్మకం ఆదివారానికి దాచుకో. ఇది రీసెర్చ్."

తెంపిన నాలుగు దారాలూ తిరిగి కుట్టమంది మేడం. ఏది ఎక్కడ కుట్టాలంటే, ఎక్కడైనా ఒకటే, కెమెరాకి కనిపిస్తే చాలంది. దెబోరా మాత్రం ఒక్కో గౌనునీ వెలుతురుకి ఎత్తి పట్టి, వేలితో తడిమి, దేని చోట దాన్నే కుట్టింది.

ఇంతలో అంకిత ట్రే పట్టుకొచ్చింది. మేడం దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. నేతగత్తెలకి గౌరవంగా హాల్లో అందరి మణికట్టుకీ ఒక ఎర్రదారం కట్టాలని మేడం ఐడియా. ఆంటీ, చెయ్యి ఇవ్వండి అంటే దెబోరా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొద్దమ్మా."

ఆ వెంటనే పైట నోటికి అడ్డం పెట్టుకుని పొడిదగ్గు దగ్గింది. ఇలాంటివాళ్లని పెట్టుకుని ఇంటర్నేషనల్ పని ఎలా చేస్తామో చూడు అన్నట్టు మేడం అంకిత వైపు కళ్లెగరేసింది. తన చేతికి మాత్రం రెండు దారాలు కట్టించుకుంది.

ప్రదర్శన పెళ్లివారి విడిదిలా వెలిగిపోయింది. మోడల్ నడుస్తూ అంచు తడితే ముడి దగ్గర ఎర్రగా లైటు. తడిమిన చోటల్లా లైటు. డీన్ దారం కట్టిన చెయ్యి పైకెత్తి మరీ ఊపాడు. చూసి హాలంతా చేతులెత్తింది. డైరెక్టరు కుర్చీ మేడం కళ్లముందు గిర్రున తిరిగింది.

అప్పుడు లేచింది రివ్యూయర్, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ముసలావిడ. ఆవిడ అడిగింది ఒక్కటే. ఈ ముడికి మీరు చెప్పిన అర్థం నిజమేనని నేసేవాళ్లెవరైనా అన్నారా? ఆ మాట వినకుండా తను సంతకం పెట్టలేనంది.

నేసేవాళ్లని అడగాలని ఆరేళ్లలో జ్ఞానప్రసూనకి తోచలేదు. చేసేవాళ్లకి చేతులుంటాయి గానీ థియరీ ఉంటుందా అని ఆవిడ లెక్క. చల్లటి ఏసీలో చెమట పట్టింది. పట్టగానే టైలరమ్మ గుర్తొచ్చింది.

తెర వెనక్కి పరిగెత్తింది. "దెబోరా గారూ, ఒక్క నిమిషం స్టేజీ మీదికి రండి."

గారు ఎక్కడ్నించి ఊడిపడిందో దెబోరాకి అర్థంకాలేదు. సంగతి చెప్పి మేడం చెవిలో ఊదింది. "ముడి గురించి అడుగుతారు. తెలుగులో ఏదో ఒకటి అనండి. ఇంగ్లీషులో నేను చెప్పుకుంటాను."

"అబద్ధం చెప్పలేను మేడం. ఉన్నదే చెబుతాను."

"చెప్పండి, చెప్పండి. ఎవరికి అర్థమవుద్ది గనక."

ఈవిడ చీరాల నేత సమాజపు మనిషి, ఇరవై ఏళ్ల అనుభవం, నడిచే గ్రంథాలయం అని మేడం గుక్కతిప్పుకోకుండా పరిచయం చేసింది. రివ్యూయర్ దగ్గరికొచ్చి, మోడల్ అంచున వెలుగుతున్న ముడి చూపించి, ఇదేమిటమ్మా అని మర్యాదగా అడిగింది.

దెబోరా మెడలోని టేపు తీసి చుట్ట చుట్టి పట్టుకుంది. డీన్ చేతి కేసి చూసింది, మేడం చేతి కేసి చూసింది, హాలు కేసి చూసింది. ప్యాంట్లు కురచ చేయించుకోవడానికి కొట్టుకొచ్చే అమెరికన్లతో పదకొండేళ్లుగా మాట్లాడే ఇంగ్లీషులో, వెనక వరసకి కూడా వినిపించేలా చెప్పింది.

"నేత చెడిన చోట కడతామండి, అమ్మొద్దని గుర్తుగా. మనుషులక్కూడా కట్టడం మాత్రం ఇక్కడే చూశాను."