తాళంచెవి చుక్క మీద ఆగలేదు

గాలి వీచినప్పుడల్లా మా నాలుగో అంతస్తు ఊగుతోందని, కింద ఉండే ఇంటి ఓనరు సొలొమోనుకు మూడుసార్లు చెప్పాను. "నీకు బీపీ ఉన్నట్టుందమ్మా, దవాఖానల చూపించుకో" అన్నాడు. మూడుసార్లూ అదే మాట! డిగ్రీలో ఫిజిక్సు చదివి, దాన్ని ఇన్నేళ్ళుగా రొట్టెలు గుండ్రంగా చేయడానికే వాడుతున్న మనిషితో అనే మాటేనా అది?

అందుకే ఆ రాత్రి కంగ్టి ఊరి వైపు నుంచి ఈదురుగాలి లేవగానే అతన్ని పైకి పిలిచాను. ఫ్యాను కొక్కేనికి సాయంత్రమే దారం కట్టి, బీరువా తాళంచెవి వేలాడదీసి ఉంచాను. దాని కింద ముగ్గుపిండి పరిచిన పళ్ళెం, పిండి నడుమ, గాలి లేనప్పుడు తాళంచెవి నిలిచిన చోట ఒక చుక్క. తాళంచెవి పిండిలో అటూ ఇటూ గీతలు గీస్తోంది.

"గాలికి ఊగుతుంది, గంతే" అన్నాడు.

"కిటికీలన్నీ మూసే ఉన్నయి గదన్నా!"

ఇంతలో గాలి ఆగింది. పక్కగదిలో నిద్రపోతున్న మా పాప రోజ ఊపిరి వినిపించేంత నిశ్శబ్దం. తాళంచెవి నెమ్మదిగా నిలిచింది. చుక్క మీద కాదు, చుక్కకు రెండు వేళ్ళు అవతల.

"పళ్ళెం నువ్వే జరిపినవ్" అన్నాడు సొలొమోను.

"నీ ఎదురుంగనే కూసున్న గద! సిగ్గుండాలె. జరిగింది పళ్ళెం కాదు, ఇల్లు."

అతను లేచి పోయి తలుపు గుంజాడు. రాలేదు. గోడకు కాలు తన్నిపట్టి గుంజాడు.

"తలుపు వస్తలేదేందమ్మా?"

"దానికి గూడ బీపీ ఉన్నట్టుంది."

బయట ఆకు కదలడం లేదు. మా వెనక, పళ్ళెంలో, తాళంచెవి కింద పిండి మళ్ళీ సర్రుమంది.