నంబరు లేని బండి

చినబాబుకి ఒళ్లు మండిపోయింది. ఆర్టీవో ఆఫీసులో ఇన్‌స్పెక్టరు మళ్లీ ఫైలు వెనక్కి నెట్టాడు.

“మీ బండి హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలో కొడుతోంది. అది తయారైన దేశంలో బళ్లు నడిచే పక్క వేరు, మన పక్క వేరు. మార్పించుకు రండి.”

కిందటిసారి స్పీడోమీటరు మైళ్లలో ఉందన్నాడు. అంతకుముందు సైలెన్సరు మోత ఎక్కువన్నాడు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి! లారీల కంపెనీ యజమానికి ఒక్కగానొక్క కొడుకు, ఓడ మీద తెప్పించుకున్న మోటారు సైకిలుకి నంబరు పడక చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. నంబరు పడదని పందెం కాసిన స్నేహితులు చాటుగా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు తలుచుకుంటేనే అతనికి ముద్ద దిగడం లేదు.

‘నంబరు పడనీ, వీడి పని చెప్తాను’ అని పళ్లు కొరుక్కుంటూ బయటికొచ్చాడు.

గేటు అవతల టీ కొట్టు దగ్గర, బళ్లకి రిజిస్ట్రేషన్లు చేయించిపెట్టే ఏజెంటమ్మ ఎదురుచూస్తోంది. పనిగట్టుకుని లారీల కంపెనీ గోదాం దాకా వెతుక్కుంటూ వచ్చి మరీ ఈ పని నెత్తికెత్తుకుంది. ఆఫీసులోకి మాత్రం చచ్చినా అడుగు పెట్టదు.

“నన్ను చూశాడంటే మీ పని చెడుతుంది బాబుగారూ. ఆయన సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. అడిగింది అడిగినట్టు ఇచ్చేయండి. అబద్ధమాడారో, అక్కడే పట్టేస్తాడు.”

లైటు మారింది. బండిని ఆఫీసు వెనక ఆవరణలో నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని మడ్‌గార్డు మీద వేళ్లతో మెల్లగా తడిమాడు. చాలాసేపు లేవలేదు.

“ఇది కంపెనీది కాదే. అసలుదేమైంది?”

“సొట్ట పడితే మార్పించా.”

“ఆ సొట్టదే తెచ్చి ఇక్కడ అప్పగించండి.”

గోదాం మూల పాత టైర్ల కింద నుంచి దాన్ని లాగించి తెచ్చి పడేశాడు చినబాబు. చెత్త కూడా కావాలట ఈ మహానుభావుడికి! అది ఇచ్చాకైనా వదిలాడా అంటే, మీటరు పట్టుకున్నాడు.

“బండి ఇంకా రోడ్డెక్కలేదన్నారు. మీటరు తిరిగిందిగా. ఎవరు నడిపారు?”

చినబాబు రేపొస్తానని చెప్పి టీ కొట్టుకి పరిగెత్తాడు. “ఎవడో స్నేహితుడు నడిపాడని చెప్పేస్తే పోలా?”

“ఇంకేమన్నా ఉందా! ఆ స్నేహితుణ్ని తెమ్మంటాడు, వాడి లైసెన్సు తెమ్మంటాడు, ఇంకో ఏడాది తిప్పుతాడు. మీరే నడిపానని ధైర్యంగా చెప్పండి. జరిమానాతో పోతుంది.”

మర్నాడు ఆవరణలో మెకానిక్కులు, గుమాస్తాలు, బళ్లవాళ్లు అందరూ చూస్తుండగా చినబాబు నడుం మీద చెయ్యి వేసుకుని గొంతెత్తాడు.

“నేనే నడిపా! దిగుమతైన రోజు నుంచి తాళం నా జేబులోనే ఉంది. నేను తప్ప ఇంకెవ్వడూ దీని మీద కాలు వెయ్యలేదు. జరిమానా ఎంతో రాసుకోండి!”

ఇన్‌స్పెక్టరు తలెత్తకుండా ఆ మాటలన్నీ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. భయపడ్డాడని చినబాబుకి కడుపు నిండిపోయింది.

ఆ వారమే నంబరు పడింది. ప్లేటు బిగించీ బిగించగానే అతను అన్న మొదటి మాట: “వాడి ఇల్లెక్కడ?”

“ఎందుకు బాబుగారూ?”

“వాడి గుమ్మంలో ఈ బండి గర్జించాలి. వీధి వీధంతా బయటికి రావాలి. నన్ను ఏడిపించినందుకు వాడు తలుపు చాటున నిలబడి కుళ్లి కుళ్లి ఏడవాలి.”

ఏజెంటమ్మ స్కూటరు తాళం తీసింది.

“పదండి, నేనే చూపిస్తా. నాకూ ఆ ముచ్చటే ఉంది.”

ఆవిడ స్కూటరు ముందు, ఇతని బండి వెనక. సందు చివర చిన్న ఇల్లు. గేటుకి అడ్డంగా బండి నిలిపి, చినబాబు కసిదీరా ఇంజను రెచ్చగొట్టాడు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. పక్కిళ్లవాళ్లు పరుగున బయటికొచ్చారు.

ఇన్‌స్పెక్టరు తలుపు తీసుకుని గడపలో నిలబడ్డాడు. కోపం లేదు, ఉలుకూ లేదు. ఏజెంటమ్మ స్కూటరు దిగి మెట్లెక్కింది. ఇన్నాళ్ల కక్షా కడిగి పారేస్తుంది కాబోలు, ఆ తిట్లు ఒక్కటి కూడా పోకుండా వినాలని చినబాబు హుషారుగా ఇంజను ఆపేశాడు.

“నంబరు లేని బండిని ఎక్కడని వెతకమంటారు అన్నారుగా పోలీసులు,” అంది ఆవిడ, గడపలో ఉన్న భర్త పక్కన నిలబడి, “మన పాపని గుద్దేసి ఆగకుండా పోయిన బండికి నంబరూ పడింది, నడిపింది నేనేనని నలుగురిలో ఒప్పుకున్నవాడు మన గుమ్మంలోకీ వచ్చాడు, ఇక వాళ్లకి ఫోన్ చేయండి.”