నీళ్లకు పిలిచిన మనిషి

కుందుర్పిలో చీకటి పడింది. ఉన్న చేనంతా అమ్మి పోర్చుగల్‌లో కొన్న ఇంటిని ఓబిలేష్ అక్కణ్ణుంచే వీడియో కాల్‌లో ఊళ్లో ఉన్న భార్యకు చూపిస్తున్నాడు. అక్కడింకా పగలే, సన్నగా వాన. పై నెల తాను తడవబోయే ఆ వానను అరుణజ్యోతి కలలోలా చూస్తోంది.

"నీ వెనక మెట్ల మీద కూచున్నేది ఎవరప్పా?"

"ఈడ ఎవరుండారు? అమ్మినోడు దివాలా తీసి, పొద్దున్నే తాళాలిచ్చి పోయినాడు."

"తడుస్తాండాడు పాపం. నీళ్లన్నా ఇయ్యి."

"మీ కుందుర్పోళ్లకు వానలో నిలబడినా దప్పికే," అని ఓబిలేష్ నవ్వాడు.

గడపలో కూర్చున్నవాణ్ని నీళ్లకు పిలవకుండా ఉండటం ఆమెకు తెలియదు. పిలిచినవాణ్ని పొమ్మనడం ఆ ఊళ్లో లేదు.

"రా నాయనా, నీళ్లు తాగు," అంది.

ఆ మనిషి తలెత్తి నేరుగా ఆమెనే చూశాడు. లేచి, మెట్లు దిగి, ఫోన్లోంచి పక్కకు తప్పుకున్నాడు.

రెండేళ్లుగా చినుకు పడని వాకిట్లో తడిమట్టి వాసన వేసింది. ఆమె వెనక కుండ మీది మూత మెల్లగా జరిగింది. చెంబు నీళ్లలో మునిగింది.

ఓబిలేష్ నవ్వు ఆగిపోయింది.

"జ్యోతీ, నీ వెనక నీళ్లు తాగుతాండేది ఎవరు?"