గాలికి ఆగే రేకు

"సముద్రం పక్కన ఇల్లు కట్టుకున్నంక రేకులెందుకు సార్? రెండు గొడుగులు కొనుక్కోండ్రి" అన్నాడు ఇంద్రసేన.

ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి నవ్వాడు. ఆ నవ్వు ఇంద్రసేనకు అస్సలు నచ్చలేదు.

ముప్పై ఏళ్ళుగా నారాయణగూడలో రేకుల కొట్టు ఇంద్రసేనది. నోరు చేదు, సరుకు నికార్సు అని అటు చిక్కడపల్లి నుంచి ఇటు కాచిగూడ దాకా పేరు. పల్చటి రేకును మందపు రేకని చెప్పి అమ్మిన పాపాన ఎన్నడూ పోలేదు. కాకపోతే బుద్ధి లేదని మొహమ్మీద అనిపించుకోకుండా బయటపడ్డ కొనుగోలుదారు కూడా లేడు.

రెండేళ్ళుగా ఆయనకు కోస్తా వాళ్ళంటే ఒళ్ళుమంట. పేపర్ల నిండా రాష్ట్రం విడిపోయే కబుర్లున్న రోజులు. ఉద్యమం వేడి తలకెక్కిందిలే అనుకున్నారు పక్క కొట్ల వాళ్ళు. అసలు కారణాన్ని ఆయన ఇంటి గడప దాటనివ్వలేదు.

"ఏ ఊరు?"

"అంతర్వేది దగ్గరండి. నా పేరు జగన్నాథరావు. బళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మొన్న తుఫానుకి ఇంటిమీద పెంకులన్నీ లేచిపోయాయి. ఇంకోటి వస్తోందంటున్నారు."

"రాజమండ్రిల దొరకవా రేకులు?"

"దొరుకుతాయండి."

"దొరికితె గింత దూరం ఎందుకొచ్చిండ్రు? డీసీఎం వ్యాను కిరాయి దండగ గాదా?"

"మంచి సరుకు కావాలనండి."

ఇంద్రసేన పెదవి విరిచాడు. ఈయన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల గతేమిటో అన్నట్టు చూశాడు. అయినా తనకు తెలిసింది చెప్పకుండా ఉండలేడు. రెండు నీలం రేకులు తెచ్చి ముందు పడేశాడు.

"ఇది పాయింట్ ఐదు. అంటే అర మిల్లీమీటరు మందం. ఇది పాయింట్ మూడు. రంగు ఒక్కటే, మీ అసుంటోళ్ళు చూస్తె తేడా తెల్వది. గాలి మీదికెల్లి రాదు సార్. చూరు కిందికెల్లి దూరి రేకును లేపుతది. పల్చటిదైతె స్క్రూ కాడ చిరుగుతది. ఒక్కటి చిరిగిందంటె వరసగ అన్నీ లేస్తయి. లేసిన రేకు కత్తి లెక్క. కిందున్నోళ్ళ గతి ఇంక అడగొద్దు."

"అయితే పాయింట్ ఐదే ఇప్పించండి. ఇంట్లో కోడలికి ఎనిమిదో నెల."

"తొలి కాన్పా?"

"అవునండి."

"మరి తల్లిగారింటికి పంపలే?"

జగన్నాథరావు కాస్త తటపటాయించాడు. "వాళ్ళు పిలవలేదండి."

ఇంద్రసేన పగలబడి నవ్వాడు. "మీ దిక్కు గిట్లుంటరా మనుషులు? మా దిక్కు ఎంత లేనోడైనా తొలి కాన్పుకు బిడ్డను ఇంటికి తెచ్చుకుంటడు. వాళ్ళేం తల్లిదండ్రులు సార్? సిగ్గుండాలె!"

జగన్నాథరావు ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తరవాత మంచినీళ్ళు అడిగి తాగాడు.

"మోకాళ్ళ నొప్పులా అండి? ఇందాకటి నుంచీ కుంటుతున్నారు."

"నా మోకాళ్ళతోని మీకేం పని?"

బిల్లు రాస్తూ ఇంద్రసేన మందం కొలిచే పరికరాన్ని బల్లమీద ముందుకు తోశాడు. "కొలుసుకోండ్రి. అందరు కొలుస్తరు. మళ్ళ మోసపోయినమని ఏడ్వొద్దు."

"అక్కర్లేదండి."

కొలత లేదు. బేరం లేదు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేశాడు. ఇంత తెలివితక్కువ మనిషి ఈ కొట్టు గడప ఎప్పుడూ తొక్కలేదు. పైగా ఆ వైపు మనిషి. రెండేళ్ళుగా ఎవరి మీద తీర్చుకోవాలో తెలియని కసికి ఇంద్రసేనకు ఇప్పుడొక మనిషి దొరికాడు. లేచి వెనక గోడౌన్‌లోకి నడిచాడు.

"పాయింట్ మూడువి ఎక్కియ్యి" అన్నాడు హమాలీ ఈదయ్యతో.

ఈదయ్య ఈ కొట్లోనే తల నెరిసినవాడు. "అదేంది సేట్? ఐదువి గద రాసిండ్రు?"

"ఎక్కియ్యమన్నప్పుడు ఎక్కియ్యి."

"ఇంట్ల కాన్పు మనిషి ఉన్నదన్నడు. జర సోచాయించుండ్రి."

"ఎగిరితె ఎగురనీ! సముద్రం వాళ్ళది, గాలి వాళ్ళది. నీకేంది పరేషాన్?"

ఈదయ్య యజమాని మొహం చూడకుండా రేకులు మోశాడు. మోస్తున్నవి తేలిగ్గా ఉన్నాయని మోసేవాడికి తెలుస్తూనే ఉంది.

జగన్నాథరావు మాత్రం పక్కనే నిలబడి, గీతలు పడకుండా మధ్యలో గోనెపట్టాలు వేయించాడు. అట్టపెట్టెలో గాజుసామాను సర్దినంత జాగ్రత్తగా చూసుకున్నాడు. అది చూసి ఇంద్రసేనకు నవ్వాగలేదు.

"ఇంక ఎంత గాలి వచ్చినా భయం లేదు సార్. ఇంటిల్లిపాది కాళ్ళు జాపుకొని పండుకోండ్రి."

"అంతా మీ దయండి" అని జగన్నాథరావు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఎందుకో వంగి మరీ పెట్టాడు.

డీసీఎం వ్యాను వైఎంసీఏ చౌరస్తా దాటాక, డ్రైవరు పక్కన కూర్చున్న జగన్నాథరావు కోడలికి ఫోన్ చేశాడు: "కొన్నానమ్మా శ్రీదివ్యా, నువ్వు చెప్పినట్టే ఆయన నొచ్చుకుంటారని కొలవనూ లేదు, బేరమూ ఆడలేదు, ఇక నువ్వు నిశ్చింతగా ఉండు, నీ నెత్తిమీద ఉండబోయేవి మీ నాన్నగారి చేతి రేకులే."