హ్యారిస్ గారి ఫోను

"అన్నీ రాసిస్తే మళ్ల నిన్నెవడు పిలుస్తడే? ఊరికి పోయి కూసుంటవా? జర కొన్ని దాచుకో," అంది పక్క మంచం మీది మంజుల, గ్రూప్-టూ పుస్తకంలోంచి తలెత్తకుండానే.

నవనీత టైపింగ్ ఆపింది. లండన్ దగ్గర గీజర్లు బాగుచేసే కంపెనీకి వచ్చే ఫోన్లన్నీ రెండేళ్లుగా ఈ అశోక్ నగర్ హాస్టల్ మంచం మీద నుంచే ఎత్తుతోంది. సోమవారం నుంచి ఆ పని మనీలాలో ఇంకో అమ్మాయికి ఇస్తారట. ఆమె కోసం పనంతా రాసిపెట్టమన్నారు.

"ఏం దాచాలక్కా?"

"గా ముసలాయన లేడా, రోజూ ఉత్తగనే ఫోన్ చేస్తడు? ఆయన ముచ్చట రాయకు. ఆ పిల్ల కట్ చేస్తది, ఆయన లొల్లి చేస్తడు. అప్పుడు నువ్వే దిక్కు."

నిజమే అనిపించింది. తను పని నేర్చుకున్న పాత కాగితం తెరిచింది. తనకంటే ముందు ఈ ఫోన్లు ఎత్తిన డొరతీ అనే ఆవిడ రాసింది.

"హ్యారిస్ గారి గీజరు బాగానే ఉంటుంది. భార్య పోయాక మాట కోసం చేస్తారు. కట్ చేయకు. కొత్తలో నీకు భయమేస్తుంది. మెల్లగా మాట్లాడు, వింటారు."

కింద తేదీ ఉంది. నవనీత ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. తను చేరడానికి రెండు రోజుల ముందు తేదీ. ఇప్పుడు సోమవారానికి కూడా రెండు రోజులే ఉంది.

"అక్కా, ఈమెను తీసేసే నన్ను పెట్టుకున్నరు."

"అయితే ఏంది?"

"పోతపోత నా కోసం రాసింది."

మంజుల పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"హ్యారిస్ గారిని ముందు ఆయన పిల్లి ఎలా ఉందని అడుగు," అని టైపు చేసింది నవనీత. దాని కింద, "కొత్తలో నీకు భయమేస్తుంది," అని మొదలుపెట్టింది.