సాధనకు సరిపడా ఆయుష్షు

దీనికొక పోస్టు కార్డు దండగని, నీకు రాయకుండా ఊరుకోబోయాను.

దేహం అద్దెకొంప, ఎప్పుడు ఖాళీ చేసినా ఒకటేనని కళింగపట్నమంతా బోధించినవాడు మా సోములు బావ. (సొంత డాబా అరుగు మీద కూర్చునే బోధించేవాడు లెండి.) రెండు కిడ్నీలూ పోయేసరికి భార్య దగ్గర కాళ్లబేరానికి దిగాడు.

“నా కోసం కాదే దేముడమ్మా. సాదన పూర్తవ్వాల. ఇంకో పదేళ్లు బతికితే సాలు.”

“ఖాళీ సేసీ కొంపకి రిపేర్లేటి మావా?” అంది. అంటూనే కిడ్నీ ఇచ్చింది.

సోములు బతికాడు. ధ్యానం మానేశాడు. అదేమిటని అడిగాను.

“బాసింపట్టు ఏసుకుంటే కుట్లు లాగుతన్నాయి బావా. మోచ్చం ఎక్కడికి పోతాది? ముందు ఒళ్లు సూసుకోవాల” అన్నాడు పడక్కుర్చీలోంచి.

కోత నొప్పికి నేల మీద కూర్చోలేక, దేముడమ్మ ఆయన ధ్యానపీట లాక్కుని, దాని మీద కూర్చుని చేపలు తోమింది.